గాలయ్య నేర్పిన కూత

గాలయ్య తన కోడలితో మాట్లాడడని ముంబై పక్కనున్న కామత్‌ఘర్‌లో అందరికీ తెలుసు. అది కోపం కాదు. కోపం పెళ్ళయిన ఏడాది దసరా దాకానే ఉండింది. కొడుకు దత్తు కళ్యాణ్‌లోని మరాఠీ అమ్మాయి ప్రాజక్తను చేసుకుంటానన్నప్పుడు గాలయ్య కులసంఘం పెద్దల ముందు నిలబడి, ఆ పిల్ల ఇంట్లోకి వస్తే రానీ, నేను మాత్రం ఒక్క మాట మాట్లాడను, మాట్లాడిననాడు సంఘమంతటికీ మాంసంతో అన్నం పెడతానని ఒట్టు వేశాడు. తర్వాత కోపం దానంతటదే చల్లారింది. పిల్ల మంచిదనీ, పప్పు బాగా వండుతుందనీ, తన బట్టలు తాను అడగకముందే మడతపెట్టి ఉంచుతుందనీ తెలిసివచ్చింది. కానీ పదిమందిలో అన్న మాటను వెనక్కి తీసుకోవడం గాలయ్యకు చేతకాదు.

అందుకని ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. భార్య రాజమణి ఉంటే కోడలికి చెప్పవలసింది ఆమెతో చెప్పేవాడు. ఆమె లేనప్పుడు గోడ గడియారంతో చెప్పేవాడు. గడియారం వైపు తిరిగి, ఆకలవుతున్నదనో, స్నానానికి నీళ్ళు కావాలనో తెలుగులో అనేవాడు. ప్రాజక్త కూడా మర్యాదగా గడియారం వైపే చూసి, ఇంకా అన్నం ఉడకలేదని మరాఠీలో చెప్పేది. ఇద్దరి మాటా ఇద్దరికీ అర్థమయ్యేది. చుట్టాలు వస్తే కొంచెం వింతగా చూసేవాళ్ళు కానీ, ఇంట్లోవాళ్ళకు అది అలవాటైపోయింది.

వాళ్ళది కింద కార్ఖానా, పైన ఇల్లు. సిరిసిల్ల నుంచి చిన్నప్పుడే వచ్చి, కూలికి మరమగ్గాలు నడిపి, చివరికి సొంతంగా సాంచాలు పెట్టుకున్నవాడు గాలయ్య. కింద సాంచాలు ఆడుతుంటే పైన గ్లాసుల్లో నీళ్ళు వణికేవి. ఆ చప్పుడులో ఎవరి మాట ఎవరికి వినిపించాలన్నా అరవవలసిందే.

తొంభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో గుడ్డ బేరానికి ముంబై వెళ్ళిన గాలయ్య, తిరిగి వచ్చేటప్పుడు పిట్టలు అమ్మే బజారులో ఆగాడు. అక్కడ పిడికిట్లో పట్టేంత చిన్న పిట్ట ఒకటి, ఎర్రటి ముక్కుతో, బుగ్గల మీద సింధూరం పూసినట్టున్న మచ్చలతో కూస్తూ కనిపించింది. ఎవరో చంటిపిల్లల రబ్బరు బూరను ఆగి ఆగి నొక్కినట్టుంది ఆ కూత. టీ టీ ట్ర్రీ. ఫించ్ పిట్ట అన్నారు. బజారు రొదనంతా చీల్చుకొని దాని గొంతు గాలయ్య చెవిలో పడింది. అరవకుండానే వినిపించే గొంతు ఇంట్లో ఒకటి ఉంటే బాగుంటుందనిపించింది. కూసేది మగదేనని, ఆడది కూయదని చెప్పి, దుకాణదారు రెండింటినీ కలిపి ఇచ్చాడు.

వంటింట్లో, ప్రాజక్త కూర్చునే పీటకు దగ్గరగా పంజరం వేలాడదీశారు. ఆడపిట్ట గుడ్లు పెట్టింది. సరిగ్గా గుడ్లు పొదుగుతున్న రోజుల్లోనే, గాలయ్య నీళ్ళు మారుస్తుండగా మగపిట్ట తలుపు సందులోంచి దూరి కిటికీలో వాలింది. అక్కణ్ణుంచి కరెంటు తీగ మీదికి ఎగిరి, శాంతి నగర్ వైపు వెళ్ళిపోయింది.

ఈ వార్త వాడలో పాకింది. పక్కింటి గంగాబాయి పరామర్శకు వచ్చి, పిట్టలిద్దరి మధ్యా అంతకుముందు ఏమైనా గొడవ జరిగిందా అని రాజమణిని అడిగింది. ఏమీ లేదని, పొద్దున కలిసే కొర్రలు తిన్నారని రాజమణి చెప్పింది. గంగాబాయి పంజరం దగ్గరికి పోయి ఆడపిట్టకు ధైర్యం చెప్పి వెళ్ళింది.

గుడ్లలోంచి మూడు పిల్లలు వచ్చాయి. గాలయ్య మళ్ళీ ముంబై వెళ్ళినప్పుడు దుకాణదారుకు జరిగింది చెప్పాడు. తండ్రి దగ్గర నేర్చుకోకపోతే మగపిల్లలకు కూత రాదు, తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంటాయంతే అన్నాడతను. ఆ మాట గాలయ్యను బాధపెట్టింది. అతనికి నడక వచ్చేనాటికే తండ్రి లేడు. మేనమామ మగ్గం పక్కన కూర్చొని నేత నేర్చుకున్నాడు. మేనమామది ఎడమచేతి వాటం. గాలయ్య అన్నం తినేది కుడిచేత్తోనే అయినా, ఈనాటికీ తెగిన పోగును ముడివేసేది ఎడమచేత్తోనే.

ముందు ఇంకొక మగపిట్టను కొనుక్కొచ్చాడు. ఆడపిట్ట దాన్ని ఒప్పుకోలేదు. వెంటపడి నెత్తి మీది ఈకలన్నీ పీకింది. ఆ కొత్త పిట్ట బోడితలతో ఒక మూలన కూర్చొని, నోరు తెరవకుండా, రాజమణి జాలిపడి వేసిన గింజలు తిన్నది. పిల్లలు దాని వైపు చూడను కూడా లేదు. తిరిగి ఇచ్చేయక తప్పలేదు. తర్వాత దత్తు టేపురికార్డరు పట్టుకొని ముంబై వెళ్ళి, అదే దుకాణంలో కూతను రికార్డు చేసుకొచ్చాడు. క్యాసెట్‌లో పిట్ట కూత, వెనక బస్సు హారను, అరటిపళ్ళవాడి కేక అన్నీ ఉన్నాయి. క్యాసెట్ పెట్టగానే పిల్లలు మూడూ ఒకదానికొకటి ఆనుకొని నిద్రపోయేవి. కనీసం వాటికి నిద్రయినా పడుతున్నదని రాజమణి సంతోషించింది.

గాలయ్య మళ్ళీ వెళ్ళేసరికి దుకాణదారుకు విసుగొచ్చింది.

“ఉస్కో టేప్ నహీ మాంగ్తా, సేఠ్. సగా మాంగ్తా,” అన్నాడు. దానికి కావలసింది టేపు కాదు, తనవాడు అని. తినిపించేవాడు, పక్కన కూర్చునేవాడు, కసురుకునేవాడు ఒకడుంటే వాడి దగ్గరే నేర్చుకుంటుందట. “అంత ప్రేముంటే నువ్వే దాని బాప్‌వి అయిపో,” అని వేరే గిరాకీ వైపు తిరిగాడు.

దుకాణదారు దెప్పిపొడుపుగా అన్నాడు. గాలయ్య దాన్ని డాక్టరు రాసిచ్చిన మందులాగా తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున నూలు చుట్టి వచ్చే అట్టకోను ఒకటి తీసుకొని, కొన వైపు కత్తిరించి, కుంకుమ కలిపిన జిగురుతో ఎర్రగా రంగు వేశాడు. రెండువైపులా నాడా కట్టి మూతికి తగిలించుకున్నాడు. రెండు బుగ్గల మీదా సింధూరం పూసుకున్నాడు. అలా మెట్లు దిగి కార్ఖానాలోకి రాగానే, సాంచాలు బాగుచేసే వీరయ్య గాలయ్య హనుమంతుడి దీక్ష తీసుకున్నాడనుకొని వంగి దండం పెట్టాడు. పనిలో ఉన్నవాళ్ళు కూడా ఒకరి తర్వాత ఒకరు వచ్చి దండం పెట్టారు. వివరం చెబితే చప్పుడులో వినిపించదని గాలయ్య అందరినీ దీవించాడు.

రోజూ సాంచాలు మొదలయ్యే ముందు, మళ్ళీ మధ్యాహ్నం, పంజరం తలుపు తెరిచి దాని ముందు కూర్చునేవాడు. నానబెట్టిన కొర్రలను అట్టముక్కు కొసన పెట్టి పిల్లలకు అందించేవాడు. తర్వాత కూసేవాడు. బీడీలు తాగే గొంతు కాబట్టి ముందు ఖ్ఖ అని సవరించుకునేవాడు. టీ టీ అనేలోపు దమ్ము చాలక దగ్గు వచ్చేది. దగ్గి, ట్ర్రీ అని ముగించేవాడు. పిల్లలు శ్రద్ధగా విని, తల్లి వైపు తిరిగి చూసేవి. తల్లి తన ఈకలు సర్దుకుంటూ ఉండేది. తల్లికి పట్టనిది తమకెందుకన్నట్టు పిల్లలు గింజల దగ్గరికి పోయేవి.

ఇదంతా పీట మీద కూర్చొని కూరగాయలు తరుగుతున్న ప్రాజక్త గమనించింది. మొదట్లో కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకునేది. ఒకరోజు మామగారు మామూలుకంటే మంచిగా కూసేసరికి, తనకు తెలియకుండానే నాలుకతో టెక్ టెక్ అని, మెచ్చుకోలుగా కొంగు విదిలించింది. పిల్లలు మూడూ ఒక్కసారిగా ఆమె వైపు తిరిగాయి. అందులో పెద్దది ఇంకా నల్లగానే ఉన్న ముక్కు తెరిచి, గాలయ్య వైపు వంగి, కిర్రుమని ఒక ప్రయత్నం చేసింది.

గాలయ్యకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గడియారం వైపు తిరిగి, ఇంకోసారి అట్లనే అనమని చెప్పాడు.

ఆనాటి నుంచి తల్లి బాధ్యత ప్రాజక్తది. అతను కూస్తే ఆమె టెక్ టెక్ అనేది. కూత బాగుంటే కొంగు విదిలించేది, బాగా లేకపోతే బెండకాయల వైపు చూసేది. పిల్లల్లో పెద్దది గాలయ్య భుజం దిగేది కాదు. చిన్న మగపిల్ల ప్రాజక్త పీట అంచు వదిలేది కాదు. మూడోది ఆడది. దానికి ఎవరితోనూ పని లేదు.

కొద్దిరోజుల్లో మామా కోడళ్ళకు ఇంకొక సౌకర్యం తెలిసివచ్చింది. చాయ్ కావాలనిపిస్తే గాలయ్య కూత చివర టీఁ అని ఒక సాగదీత కలిపేవాడు. ప్రాజక్త టెక్ టెక్ అని చాయ్ తెచ్చేది. అన్నానికి వేరు, నీళ్ళకు వేరు, దత్తు వచ్చాడా అనడానికి వేరు. ఒట్టు మాట్లాడనని కదా వేసింది, కూయనని కాదు. గడియారానికి పని తప్పింది.

దాంతో పాటు రాజమణికి కూడా పని తప్పింది. ఇన్నాళ్ళూ మామ మాట కోడలికీ, కోడలి మాట మామకూ చేరవేసింది ఆమె. ఇప్పుడు తన ఎదురుగానే ఇద్దరూ కూతలు పెట్టుకుంటుంటే, ఏమంటున్నారో తెలియక మొహాలు చూడవలసి వచ్చింది. ఆ బాధ గంగాబాయితో చెప్పుకుంది. గంగాబాయి చెప్పగా చెప్పగా అది సంఘం పెద్ద నర్సింగం చెవిన పడింది. నర్సింగానికి మాంసం భోజనాలంటే చాలా ఇష్టం. ఒట్టు తప్పిందేమో విచారించాలని ఆదివారం సంఘం పిలిచాడు.

గాలయ్య మూతికి ముక్కుతో, భుజం మీద పిట్టతో వచ్చి చాప మీద కూర్చున్నాడు. నర్సింగం ముక్కు తీసి మాట్లాడమన్నాడు.

“తీస్తే పిల్ల బెదురుతది బావా,” అన్నాడు గాలయ్య. “ఇప్పుడిప్పుడే కూత పడుతున్నది.”

అది సబబే అని సంఘం ఒప్పుకుంది. తర్వాత చాలాసేపు వాదన నడిచింది. కూత మాట ఎట్లవుతుందని కొందరు, చాయ్ వచ్చిందంటే అది మాటేనని కొందరు అన్నారు. సైగ చేస్తే తప్పు లేనప్పుడు కూస్తే తప్పేంటని ఒకాయన అడిగాడు. సైగకు చప్పుడుండదని ఇంకొకాయన చెప్పాడు. చివరికి నర్సింగం ఒక పరీక్ష పెట్టాడు. కోడలిని పిలిపించి, ఆమె ముందు గాలయ్యను కూయమన్నాడు. ఏమడిగాడో ఆమె చెప్పగలిగితే అది మాట కింద లెక్క.

ప్రాజక్త కొంగు సర్దుకొని వాకిట్లో నిలబడింది. గాలయ్య గొంతు సవరించుకొని, దగ్గి, కూసి, చివర టీఁ అన్నాడు. సంఘమంతా ఆమె వైపు చూసింది. ఆమె గాలయ్యను చూసింది, భుజం మీది పిట్టను చూసింది, నర్సింగాన్ని చూసింది.

“మలా కాయ్ మాహీత్?” అంది. నాకేం తెలుసు అని.

కేసు కొట్టేశారు. నర్సింగం ముఖం చిన్నబోయింది. ఇంటికి వచ్చి చెప్పులు విప్పేలోగా ప్రాజక్త చాయ్ గ్లాసు తెచ్చి గాలయ్య ముందు పెట్టింది. ఆ చాయ్ తాగుతున్నంతసేపూ అతనికి ఒట్టు వేసినందుకు సిగ్గుగా ఉండింది.

మగ పిట్టపిల్లలకు ముక్కులు ఎర్రబడ్డాయి, బుగ్గల మీద మచ్చలు వచ్చాయి, కూత కుదిరింది. పెద్దదానిది అచ్చం గాలయ్య కూత. ముందు ఖ్ఖ అని సవరింపు, టీ టీ, నడుమ దగ్గు, ట్ర్రీ, ఆపైన టీఁ. చిన్నది ప్రాజక్తలా టెక్ టెక్ అని, వెంటనే రెక్కలు విదిలించేది.

వరాలా తలావ్ చెరువు దగ్గర బట్టల దుకాణం నడిపే శంకరరావు మొహమాటపెట్టి పెద్ద పిట్టను తీసుకుపోయాడు. వారం తిరక్కుండానే వెనక్కి తెచ్చాడు. పిట్టకు దగ్గు పట్టుకుందని అతని భార్య సుందరలక్ష్మి బెంగపెట్టుకుని, తేనె నాకించి, ఉన్నిగుడ్డ కప్పి, చివరికి పశువుల డాక్టరుకు చూపించిందట. పిట్టకు ఏ జబ్బూ లేదు, దీనికి కూత నేర్పినవారెవరో వారికి ఎక్స్‌రే తీయించండని డాక్టరు చెప్పాడట. దత్తు ఆ మాట పట్టుకొని తండ్రిని పెద్ద డాక్టరు దగ్గరికి లాక్కుపోయాడు. ఊపిరితిత్తుల్లో నూలుదుమ్ముకు తోడు బీడీల పొగ కూడా చేరిందని, ఇప్పుడు మానకపోతే తర్వాత మానడానికి మనిషి ఉండడని ఆ డాక్టరు చెప్పాడు. గాలయ్య భయపడి బీడీలు మానేశాడు. వానాకాలం ముదిరేసరికి అతని దగ్గు పోయింది. పిట్ట దగ్గు పోలేదు. అది అప్పటికే కూతలో కలిసిపోయింది.

పిట్ట పొద్దస్తమానం చాయ్ అడిగేది. మొదట్లో ప్రాజక్త ప్రతిసారీ లేచి పొయ్యి వెలిగించేది. గాలయ్య కాదనలేక తాగి, నిద్రపట్టక పొర్లేవాడు. తర్వాత ఆమె ఒక గుర్తు పెట్టుకుంది. నడుమ దగ్గు వస్తే పిట్ట, రాకపోతే మామ. పిట్టకైతే కూర్చున్నచోటి నుంచే టెక్ టెక్ అని ఊరుకునేది. ఆమె అనకపోయినా చిన్నపిట్ట అనేది.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం ముసురు పడుతుండగా, కార్ఖానా నుంచి పైకి వస్తున్న గాలయ్య తడి మెట్ల మీద జారి కిందిదాకా పడ్డాడు. చీలమండ దగ్గర పటుక్కుమన్నది. రాజమణి బజారుకు పోయింది, దత్తు పని మీద ఠాణే పట్నం పోయాడు. తలుపు అవతల సాంచాలు ఆడుతున్నాయి. ఎంత అరిచినా వాటి చప్పుడులో లోపల పనిచేసేవాళ్ళకు వినిపించదు. మెట్ల పైన వంటింట్లో ప్రాజక్త ఒక్కతే ఉంది.

గాలయ్య కూశాడు. నొప్పికి ఊపిరి అందక, టీ టీ అన్న తర్వాత దగ్గు వచ్చింది.

పైనుంచి టెక్ టెక్ అని వినిపించింది. ఎవరూ రాలేదు.

మళ్ళీ కూశాడు. మళ్ళీ దగ్గాడు. ఈసారి అతని కూత విని పైన పెద్దపిట్ట కూడా ఉత్సాహంగా అందుకుంది. అతను ఒకసారి, అది ఒకసారి. దాని కూతే స్పష్టంగా ఉంది. ప్రాజక్త విసుక్కొని, చాయ్ లేదు ఏమీ లేదు, నోరు మూసుకో అని మరాఠీలో పిట్టను కసిరింది. ఆ కసురు తనకే తగిలి గాలయ్య కాసేపు నోరు మూసుకున్నాడు. మెట్ల మీద వాననీళ్ళు అతని వీపు కిందుగా పారుతున్నాయి. తన కూతను పిట్టే ఇంత బాగా కూస్తుంటే తనను గాలయ్య అని ఎవరు నమ్ముతారనిపించింది. పిట్ట చేయలేని పని తనకు ఇక ఒక్కటే మిగిలింది.

“బిడ్డా,” అని గొంతెత్తి పిలిచాడు. “పిట్ట కాదు. నేను. కిందబడ్డ.”

పైన పళ్ళెం కిందపడిన చప్పుడయింది.

“అయ్యో, ఎక్కడున్నరు మామా? కదలకుండ్రి, నేనస్తున్న.”

రాజమణి బజారు నుంచి వచ్చేసిందనుకున్నాడు గాలయ్య. ఆ సాగదీత, ఆ కంగారు, చివర మాటను మింగేయడం అంతా ఆమెదే. చూస్తే మెట్లు దిగి వస్తున్నది ప్రాజక్త. రెండేళ్ళుగా ఆమె ఇంట్లో తెలుగు వింటూనే ఉంది. అత్త పక్కన కూర్చొని వంట చేస్తూ, అత్త పనివాళ్ళను తిట్టినా, గంగాబాయితో మొర పెట్టుకున్నా వింటూ ఉంది. అత్తా దత్తూ ఆమెతో మరాఠీలోనే మాట్లాడేవాళ్ళు. ఆమెను నేరుగా తెలుగులో పలకరించినవాళ్ళు లేక ఆమె బదులు చెప్పలేదంతే.

ఆమె అతని చంకల కింద చేతులు వేసి లేపి, గోడకు ఆనించి కూర్చోబెట్టింది.

“నొప్పి బాగ ఉన్నదా?”

“ఉన్నది బిడ్డా,” అన్నాడు గాలయ్య. ఆ వెంటనే, “పప్పు మంచిగ చేస్తవు,” అన్నాడు. రెండేళ్ళుగా చెప్పాలనుకుంటున్న మాట అదొక్కటే అప్పుడు గుర్తొచ్చింది.

కాలికి కట్టు కట్టించుకొని వచ్చాక గాలయ్య తనంతట తానే నర్సింగానికి కబురు చేశాడు. సంఘమంతా కడుపునిండా తిన్నది. నర్సింగం రెండుసార్లు వడ్డించుకొని, ఇంట్లో దత్తు తమ్ముడో ఎవరో పెళ్ళికి ఉన్నారా, ఇంకో ఒట్టు ఏమైనా వేస్తావా అని అడిగాడు. దత్తు ఒక్కడే అని గాలయ్య చెప్పాడు.

కట్టు విప్పిన తర్వాత రోజూ సాయంత్రం కొంత నడవాలని డాక్టరు చెప్పాడు. రాజమణికి మోకాళ్ళ నొప్పులు. అందుకని ప్రాజక్త తోడు వెళ్ళేది. షేర్ ఆటోలో వరాలా తలావ్ దాకా పోయి, గట్టు మీద మెల్లగా నడిచేవాళ్ళు. తెలుగు కాక అతను మాట్లాడగలిగేది బజారు హిందీ ఒక్కటే, ఆమెకు ఇప్పుడు అన్నీ వచ్చు. మొదటి రెండు రోజులూ నీళ్ళ గురించీ, బురద గురించీ మాట్లాడుకున్నారు. మూడోనాడు గాలయ్య చాలాసేపు తటపటాయించి అడిగాడు.

“నీ పేరుకు అర్థం ఏంది బిడ్డా?”

“పారిజాతం పువ్వు మామా. పొద్దుగాల రాలుతది సూడు, తెల్లగ, ఎర్ర కాడ. గదే.”

గాలయ్య నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు. రాజమణి ఆ పేరును ప్రాజెక్ట అని పలికేదని, మీ నాయిన మా పోచంపాడు ప్రాజెక్టు అసుంటిదేదో కట్టిన ఇంజినీరు గావచ్చు, ఆ గుర్తుకు పెట్టుకున్నడేమో అనుకున్నానని, ఇన్నాళ్ళూ సంఘంలో అందరికీ అట్లనే చెప్పుకున్నానని అన్నాడు. ప్రాజక్త గట్టు మీద కూలబడి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. తండ్రికి కళ్యాణ్‌లో చెప్పుల దుకాణం ఉందని చెప్పింది. అది కూడా అతనికి అప్పుడే తెలిసింది.

చీకటి పడక ముందే ఇంటికి పోవాలని ఆమె లేచింది. ఇంకొక్క చుట్టు తిరుగుదామన్నాడు గాలయ్య. చెప్పుల దుకాణం స్టేషనుకు ఏవైపు ఉందని అడుగుతూ ముందుకు నడిచాడు.